నరకమును చూచి నవ్వుట

చదువరీ, మనుష్యుడు దేనికి ఏడ్చునో చూచినయెడల అతని గాయము మనకు తెలియును. దేనికి నవ్వునో చూచినయెడల అతని హృదయము తెలియును. ఏడ్పును దాచుకొనగలము గాని నవ్వును దాచుకొనుట కష్టము. అది మనలను అడుగకుండనే బయటికి వచ్చును. అందుచేత ఈ నెల నీ నవ్వును గూర్చి నీతో వాదింప దలచినాను.

మెక్సికో దేశములో 2010 సెప్టెంబరు నెల ఆరంభమున ఒక సినిమా విడుదలయ్యెను. దాని పేరు 'ఎల్ ఇన్‌ఫియెర్నో', అనగా నరకము. దానిని తీసినవాడు లూయిస్ ఎస్త్రాద. అది మత్తుపదార్థముల వర్తకులను గూర్చిన చేదు హాస్యచిత్రము. బెన్నీ అనువాడు 20 ఏండ్లు అమెరికాలో బ్రదికి, అక్కడినుండి వెళ్ళగొట్టబడి స్వగ్రామము చేరును. తమ్ముడు ముఠాలో చేరి చంపబడెనని వినును. ఊరిలో పని లేదు, తిండి లేదు. కొచిలోకో అను పాత స్నేహితుడు అతనిని అదే ముఠాలోనికి తీసికొనిపోవును. ఆ ఊరిలో ఒక్క తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములిద్దరు చెరియొక ముఠాకు నాయకులై ఒకరినొకరు చంపించుకొనుచుందురు. కయీను, హేబేలుల కథ తెలిసిన మనకు ఇది క్రొత్త కథ కాదు. పోలీసులు, అధికారులు, తుదకు మతగురువు సయితము ఆ సొమ్ముకు లోబడినవారే. ఇంత ఘోరమును ఆ సినిమా నవ్వించుచు చూపును.

అది వచ్చిన కాలము నెరుగనిదే ఆ నవ్వు మనకు అర్థము కాదు. 2006 డిసెంబరులో అధ్యక్షుడు ఫెలిపె కాల్దెరోన్ మత్తుమందుల ముఠాలమీదికి సైన్యమును పంపెను. అది మొదలు దేశములో హత్యలు పెరిగెను. 2010 ఆగస్టులో తమౌలిపాస్ రాష్ట్రమందలి సాన్ ఫెర్నాందో అనుచోట 72 మంది వలస కూలీల శవములు దొరకెను. వారిలో 14 మంది స్త్రీలు. పని వెదకుకొనుచు ఉత్తరమునకు పోవుచుండిన బీదలు వారు. ఈ సంగతి వార్తాపత్రికలలో చదివిన జనమే కొన్నాళ్ళకు టిక్కెట్టు కొని ఆ సినిమాకు వెళ్ళి నవ్విరి.

చూచినవారిలో మూడు తెగలవారు కనబడుదురు. ఒక్కొక్క తెగవారితో మాటలాడుదము.

మొదటి తెగవారు, ఈ సినిమా దేశము పరువు తీసెనని కోపపడిరి. అది మెక్సికో స్వాతంత్ర్య పోరాటము మొదలై 200 ఏండ్లు నిండిన పండుగ సంవత్సరము. 1810 సెప్టెంబరు 16న దొలోరెస్ గ్రామములో మిగెల్ ఇదాల్గో అను మతగురువు గుడి గంట మ్రోగించి ప్రజలను లేపిన దినమును దేశమంతయు తలచుకొనుచుండగా, పండుగ చేసికొనుటకు ఏమియు లేదని ఆ సినిమా తన గోడపత్రికపైననే వ్రాసికొనెను. పైగా అందులో ప్రభుత్వపు సహాయధనము కూడ ఉండెను! కోపము రాదా? వచ్చును. అయినను ఆ కోపము ఎవరిమీదికి పోయెనో చూడుము. ఇంటిలో శవముండగా, శవమున్నదని చెప్పినవానిని తిట్టుట న్యాయమా? పరువు తీసినవాడు చంపినవాడా, చెప్పినవాడా? కురుపును గుడ్డతో కప్పినంతమాత్రమున మానదు. ఈ తెగవారికి నేనిచ్చు జవాబు ఇంతే.

రెండవ తెగవారు మనసార నవ్వినవారు. వారి పక్షమున ఒక మంచి మాట చెప్పవలసియున్నది. భయములో బ్రదుకు ప్రజకు నవ్వే ఊపిరి. బలవంతుని యెదుట నోరెత్తలేనివాడు చీకటిలో కూర్చుండి వానిని చూచి నవ్వినయెడల అది పాపమని నేను చెప్పను. ఇదే ఎస్త్రాద 1999లో 'హేరోదు చట్టము' అను పేరుతో, 1929 మొదలు ఆ దేశమును విడువక ఏలుచుండిన పార్టీని ఎగతాళి చేయగా, అధికారులు ఆ సినిమాకు అడ్డుపడ జూచిరి. మరుసటి సంవత్సరమే ఆ పార్టీ అధ్యక్ష పదవి ఎన్నికలో ఓడిపోయెను. గద్దెమీదివానిని చూచి నవ్వు నవ్వుకు అంత గౌరవము ఇయ్యవచ్చును.

కాని గద్దెమీదివానిని చూచి నవ్వుట వేరు, గోతిలో పడినవానిని చూచి నవ్వుట వేరు. ఈ రెండు నవ్వులు ఒకే కొట్టకములో, ఒక్కొక్కప్పుడు ఒకే నోట వినబడెను. ఆ సినిమాలో ప్రజలు ఎక్కువగా ప్రేమించినది ఎవరిని? కొచిలోకోను. ఆ పాత్ర ధరించిన హోవాకిన్ కొసీయో గొప్ప నటుడే. 2011లో ఆ దేశపు ఆరియెల్ బహుమానము కూడ పొందెను. అతని బట్టలు, అతని మీసము, అతని బూతుమాటలు జనము నోళ్ళలో నానెను. చదువరీ, కొచిలోకో చేయు పని యేమి? జీతము తీసికొని మనుష్యులను చంపుట. అతడు బిడ్డలను ప్రేమించును, స్నేహితునికి అన్నము పెట్టును, నవ్వించును. అందుచేత మనము అతని చేతుల వైపు చూడము. సాతాను కొమ్ములతో వచ్చినయెడల ఎవడు మోసపోవును? చమత్కారముగా మాటలాడుచు వచ్చినప్పుడే గదా మనము తలుపు తీసి కుర్చీ వేయుదుము!

"అది సినిమాయే గదా, నటుడే గదా" అందువేమో. అవును, తెరమీద పడినవాడు లేచి ముఖము కడుగుకొని ఇంటికి పోవును. సాన్ ఫెర్నాందోలో పడినవారు లేవలేదు. అట్టి చావునే చూచి నవ్వుటకు అలవాటుపడిన కన్ను, రేపు పత్రికలో దానిని చదివినప్పుడు తడియగునా? నేను అడుగునది ఈ ఒక్క ప్రశ్న.

మూడవ తెగవారు కడపటి ఘట్టమునకు సంతోషించినవారు. స్వాతంత్ర్యోత్సవపు రాత్రి వేదికమీద ముఠా నాయకుడును ఊరి పెద్దలును నిలిచియుండగా బెన్నీ తుపాకి యెత్తి వారిని కాల్చివేయును. "ఇదే న్యాయము" అని వీరందురు. వీరికి జవాబు ఆ సినిమాయే చెప్పుచున్నది. కథ అక్కడ ఆగదు. ఆ తరువాత బెన్నీ తమ్ముని కొడుకు, ఇంకను పిల్లవాడే, తనవారి సమాధుల యొద్దకు పోయి, అక్కడినుండి తానును తుపాకి పట్టుకొని చంపుటకు బయలుదేరును. తండ్రి త్రోవ, పెదతండ్రి త్రోవ, ఇప్పుడు కొడుకు త్రోవ. వేదికమీద రక్తము చూచి తృప్తిపడినవారు ఈ పిల్లవానిని చూడకనే లేచిపోయిరి. పగ తీరినదని చెప్పుకొనువాని ఇంటనే పగ మరల పుట్టుచుండును.

అయితే తుపాకి గాక బాధితునికి వేరు దారి యేదని అడుగుదువా? అదే దేశమునుండి చెప్పెదను. 2011 మార్చి నెలలో హవియెర్ సిసిలియా అను కవి కుమారుడు మరికొందరితోకూడ మొరెలోస్ రాష్ట్రములో చంపబడెను. ఆ తండ్రి తుపాకి పట్టలేదు. కవిత్వము మానివేసి వీధిలోనికి వచ్చెను. మే 5న కువెర్నవాకా పట్టణమునుండి నడక మొదలుపెట్టి, నాలుగవ దినమున, అనగా 8వ తేదీన, రాజధానియైన మెక్సికో నగరపు పెద్ద మైదానము చేరెను. బిడ్డలను పోగొట్టుకొన్నవారు అనేకులు అతనితో నడచిరి. వేదికలమీద వారు చనిపోయినవారి పేర్లు చెప్పిరి. అంతవరకు లెక్కగా ఉండినవారు మరల మనుష్యులైరి. జూనులో అధ్యక్షుడే వారి యెదుట కూర్చుండి వారి మాట వినవలసివచ్చెను. 2013 జనవరిలో బాధితుల హక్కులకై ఒక చట్టము ప్రకటింపబడెను. దానితో హత్యలు ఆగలేదు. 2022 మే నెలలో ఆ దేశమున కనబడకుండ పోయినవారి పట్టిక లక్ష దాటెను. అయినను ఆ తండ్రి నడకవలన ఎవని కొడుకును తుపాకి పట్టలేదు. బెన్నీ చేసిన పనిని గూర్చి అట్లు చెప్పగలవా?

చదువరీ, మెక్సికో దూరమని తలంచకుము. మన ఊళ్ళలోను వేటకొడవలి యెత్తినవానికి ఈలలు వేయువారున్నారు. సినిమా ఇప్పుడు పట్నములో లేదు, నీ కుమారుని చేతిలోని ఫోనులో ఉన్నది. దానిని పెరికివేయుమని నేను చెప్పను. పెరికిన మరునాడు వాడు పొరుగింటిలో చూచును. వాని ప్రక్కన కూర్చుండుము. ఒకడు పడిపోయి వాడు నవ్వినప్పుడు, మెల్లగా అడుగుము: "నాయనా, పడినవాని పేరేమి? వాని తల్లి యెక్కడ నున్నది?" వానికి తెలియదు. ఆ సినిమా చెప్పియుండదు. వాడు ఒక్క నిమిషము ఆలోచించినయెడల చాలును.

తరువాత అదే ప్రశ్న నీవును వేసికొనుము.