నల్ల పేజీ ఎవరి హృదయం?

ఎండాకాలం సెలవుల్లో మా తల్లాడ చుట్టుపక్కల దళితవాడల్లోని చర్చిల్లో వి.బి.ఎస్. తరగతులు మొదలవుతాయి. పాటలు, ఆటలు, బిస్కట్లు. పిల్లలకి పండగే. ఆ పండగ మధ్యలో రంగుల పుస్తకం తెరుచుకుంటుంది. నల్ల పేజీ నీ పాపపు హృదయం, ఎర్ర పేజీ యేసు రక్తం, తెల్ల పేజీ కడిగిన హృదయం. 1866లో లండన్‌లో స్పర్జన్ అనే బోధకుడు చేసిన ప్రసంగంతో ప్రచారంలోకొచ్చిన సాధనమిది. మన ముందు కూర్చున్నది తల్లితో మిరపకాయల కోతకెళ్ళి కమిలిపోయిన ఎనిమిదేళ్ళ పిల్ల. బళ్ళో 'నల్లపిల్ల' అని వెక్కిరింత. దేవుడి దగ్గర కూడా నలుపంటే పాపమేనా?

ఎర్ర పేజీ ఇంకా ప్రమాదకరం. "చావాల్సింది నువ్వు, నీ బదులు దేవుడు తన కొడుకుని బలిచ్చాడు, ఆ కొడుకు నోరెత్తకుండా దెబ్బలు తిన్నాడు" అని నేర్పుతున్నాం. ఆడపిల్లకిది కొత్త కథ కాదు, రోజూ ఇంట్లో చూసే అమ్మ కథ. తాగొచ్చి తన్నే మొగుణ్ణి భరించమని, అదే నీ సిలువ అని ఆడవాళ్ళకి చెప్పడం నేను చెవులారా విన్నాను. గృహహింస చట్టం 2005లో వచ్చింది. నేను వెళ్ళిన ఏ స్త్రీల కూడికలోనూ దాని ఊసు లేదు. కొడుకు చావు కోరే తండ్రి బొమ్మ హింస పడేవాళ్ళకి ఓర్చుకోవడమే నేర్పుతుందని జోన్ కార్ల్‌సన్ బ్రౌన్, రెబెకా పార్కర్ 1989లోనే రాశారు.

"అయితే సిలువని తీసెయ్యమంటావా?" అని అడుగుతారు. అక్కర్లేదు. సిలువకి అర్థం ఇదొక్కటే కాదు. పాపం అంటే దేవుడి గౌరవానికి పడ్డ బాకీ అని, దాన్ని తీర్చి తీరాలని 11వ శతాబ్దం చివర్లో అన్సెల్మ్ వాదించాడు. అది దొరల కాలపు లెక్క. తర్వాతి తరంలోనే అబెలార్డ్, సిలువ మనసుల్ని మార్చే ప్రేమ అన్నాడు. వెట్టిచాకిరీ చేసిన తాతముత్తాతల మనవరాళ్ళకి దేవుణ్ణి కూడా బాకీ వసూలు చేసే దొరగానే చూపించాలా?

అసలు ప్రాయశ్చిత్తం అనే మాటే ధర్మశాస్త్రాలది. మనల్ని ముట్టుకుంటే మైల అని స్నానాలు విధించిన శాస్త్రాలవి. ఆ మాట వాడక తప్పదంటే దాని అర్థమైనా మార్చుకుందాం. లేవీయకాండం 6వ అధ్యాయంలో దోచుకున్నవాడు సొత్తుకి అయిదో వంతు కలిపి తిరిగిచ్చాకే బలి. మత్తయి 5లో కానుకని బలిపీఠం దగ్గరే వదిలి, ముందు సహోదరుడితో సమాధానపడాలి. లూకా 19లో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. పిల్లలకి ఇవి చెబుదాం. తప్పు చేసినవాడే దిద్దుకోవాలి, దెబ్బతిన్నవాళ్ళకి న్యాయం దక్కాలి.

ఇస్సాకు మీదికి లేచిన కత్తిని ఆపిన కథ ప్రతి ఏడూ చెబుతాం. న్యాయాధిపతులు 11లో యెఫ్తా కూతురి కథ ఎందుకు చెప్పం? తండ్రి నోరుజారిన మొక్కుకి బలైన ఆ పిల్లకి పేరు కూడా లేదు. ఆమె కోసం ఏ దూతా రాలేదు.

సి.ఎస్.ఐ.లో 1976 నుంచి స్త్రీలకి గురుత్వం ఉంది. 2013లో పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు. సండే స్కూళ్ళలో పాఠం చెప్పేది ఎక్కువగా మనమే. ఆ పాఠాన్ని రాయడం కూడా మన చేతుల్లోకి రావాలి. ముందుగా ఆ నల్ల పేజీ చించేద్దాం.