యంత్రాల కబుర్లు: అక్షరక్రమం మారిన రాత్రి

మల్లేశ్వరం నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. "మా అబ్బాయి మొన్న శనివారం రాత్రంతా ఆఫీసులోనే ఉండిపోయాడు. ఏమిట్రా అంటే, సర్వర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తున్నామమ్మా అన్నాడు. బాగా నడుస్తున్నదాన్ని కదిలించడమెందుకు? కదిలించినా, దానికి రాత్రంతా జాగారమెందుకు?" అని వారి ప్రశ్న. సబబైన ప్రశ్నే. నేను స్వయంగా తిన్న దెబ్బ ఒకటి చెబితే, రెండింటికీ జవాబు దొరుకుతుంది.

సర్వర్ అంటే ఆఫీసులో అందరి పనికీ ఆధారంగా ఒకచోట ఉండే కంప్యూటరు. దానిమీద లెక్కలు తీసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఏ ఊళ్లో ఎంత సరుకు పోయింది, ఎవరు ఎంత బాకీ, ఇలాంటి పట్టికలు అడిగినదే తడవుగా తీసి చూపుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఇల్లయితే, ఆపరేటింగ్ సిస్టమ్ దాని పునాది. పునాదికీ వయస్సు ఉన్నది. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 అనేది 2014లో వచ్చింది. 2024 జూన్ 30తో దాని మామూలు నిర్వహణ ముగిసింది. ఉచితంగా దొరికే సెంటోస్ 7కు కూడా అదే ఆఖరి రోజు. ఆపైన అందులో కన్నమేదైనా బయటపడితే, విడిగా డబ్బు కట్టినవారికి తప్ప, పూడ్చి ఇచ్చే ఏర్పాటు లేదు. దొంగలకు మాత్రం ఆ కన్నం తెలుస్తుంది గదా! బాగా నడుస్తున్నదాన్ని కదిలించవలసి రావడం అందుకే.

ఇక జాగారం సంగతి. నేను పనిచేసే కంపెనీ అంగళ్లకు టోకున మందులు పంపుతుంది. ఆ జూన్ నెలలోనే ఒక శనివారం రాత్రి మేము 7 నుంచి 8కి మారాము. మా లెక్కలన్నీ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేసులో ఉంటాయి. తొందరలో దాని ఫైళ్లను ఉన్నవున్నట్టుగా కొత్త సర్వర్ మీదికి ఎత్తిపెట్టాము. తెల్లవారుజామున అన్నీ తెరిచి చూశాము. ఒక్క తప్పూ కనబడలేదు. మేనేజరుగారికి "అంతా క్షేమం" అని కబురు పంపి, ఇంటికి వెళ్లి హాయిగా నిద్రపోయాను.

బుధవారం నాడు ఒక మందు బ్యాచిని అంగళ్ల నుంచి వెనక్కు తెప్పించవలసి వచ్చింది. ఎవరెవరికి పంపామో పట్టిక తీసి ఇచ్చాను. మా లెక్కల విభాగంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఏ పట్టికనైనా కాగితం మీద అచ్చువేసి ఫైలులో పెట్టుకుంటేగాని ఆయనకు నమ్మకం కుదరదు. మేము చాటుగా నవ్వుకునేవాళ్లం. ఆ బ్యాచి వెళ్లిన పట్టికను ఆయన అంతకు ముందువారమే తీసి ఉంచారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, వేలితో లెక్కపెట్టి, "ఏమప్పా, ఇందులో ఏడు అంగళ్లు యాడికి పోయినాయి?" అన్నారు.

నా గుండె ఝల్లుమన్నది.

జరిగినదేమంటే, ఒక గ్రంథాలయం ఉన్నదనుకోండి. పుస్తకాల పేర్లు కార్డుల మీద వ్రాసి అకారాదిగా పేర్చారు. పాత గ్రంథాలయాధికారి "క్ష"ను కకారంలోనే చేర్చారు. కొత్తగా వచ్చినవారు, బడిలో నేర్చిన వర్ణమాల ప్రకారం, దాన్ని చివర వెతుకుతారు. పుస్తకం బీరువాలోనే ఉంటుంది. జవాబు మాత్రం "లేదు" అని వస్తుంది. పైగా, లేదనుకుని మరొక ప్రతి కొని చేరుస్తారు!

డేటాబేసులో ఇటువంటి కార్డుల పెట్టెనే ఇండెక్స్ అంటారు. ఏ అక్షరం ముందు, ఏది వెనుక అన్నది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మామూలుగా ఆపరేటింగ్ సిస్టమ్‌లోని జీలిబ్‌సీ అనే భాగాన్ని అడిగి తెలుసుకుంటుంది. 7లో ఉన్నది జీలిబ్‌సీ 2.17. 8లో ఉన్నది 2.28. 2018 ఆగస్టులో వెలువడిన ఈ 2.28లో, అంతర్జాతీయ ప్రమాణాన్ని అనుసరించి అక్షరక్రమాన్ని సవరించారు. అమెరికా ఇంగ్లీషు క్రమంలో 11, 1-1 అనే రెంటిని వరుసలో పెట్టమంటే, పాతది 11ను ముందు పెడుతుంది, కొత్తది 1-1ను ముందు పెడుతుంది. మా అంగళ్ల గుర్తులన్నీ అడ్డగీతలతో ఉన్నవే! పాత వరుసలో పేర్చిన కార్డులను యంత్రం కొత్త వరుసలో వెతికి, ఏడు చోట్ల "లేదు" అన్నది. తప్పు జరిగినట్టు దానికే తెలియదు, మాకేమి చెబుతుంది? పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వారు ఈ సంగతి ముందే వ్రాసిపెట్టారు. చదవని తప్పు మాది.

ముందుగా, పెద్దాయన కాగితం చూసి ఆ ఏడు అంగళ్లకూ ఫోను చేశాము. ఒక అంగట్లో రెండు పెట్టెలు అప్పటికే విప్పి బల్లమీద పెట్టారట. అమ్మకముందే తీయించాము. ఆ రాత్రి ఇండెక్సులన్నీ మళ్లీ కట్టించాము. దాన్ని రీఇండెక్స్ అంటారు. ఈ నాలుగు రోజుల్లో ఒకే గుర్తుతో రెండుసార్లు చేరిన అంగడి ఒకటి బయటపడింది. దాన్ని చేత్తో సరిచేసిన తర్వాతగాని ఆ ఇండెక్సు కట్టుబడలేదు.

ఈ పనిలో ఉన్న మన పిల్లలకు చెప్పేదేమంటే, ఫైళ్లను బీరువాతో సహా ఎత్తిపెట్టకండి. లోపలి సమాచారాన్ని పీజీడంప్‌తో బయటికి తీసి, కొత్తచోట మళ్లీ పేర్చండి. అప్పుడు ఇండెక్సులు కొత్త వరుసలోనే తయారవుతాయి. పొద్దు పడుతుంది, నిజమే. జాగారం అందుకే. ఎత్తిపెట్టక తప్పకపోతే, ఎవరికీ తలుపు తెరవకముందే రీఇండెక్స్ చేయండి. 2022లో వచ్చిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 15 మొదలుకొని, డేటాబేసు పుట్టినప్పటి వరుస మారితే హెచ్చరిక వస్తుంది. మాది అంతకంటె పాతది. అన్నిటికంటె ముఖ్యం, మార్పుకు ముందు నాలుగు పట్టికలు తీసి ఉంచుకుని, మారిన తర్వాత అవే మళ్లీ తీసి, వరుస వరుసా సరిచూడండి. తెర తెరుచుకున్నంత మాత్రాన లెక్క సరిపోయినట్టు కాదు.

ఇప్పుడు పెద్దాయన ఫైలు చూసి మాలో ఎవరూ నవ్వడం లేదు. సోదరికి నా మనవి ఒక్కటే. ఈసారి అబ్బాయి రాత్రి ఆఫీసుకు బయలుదేరితే కోప్పడకండి. ఫ్లాస్కు నిండా కాఫీ ఇచ్చి, "పాత పట్టికలు తీసి పెట్టుకున్నావా నాయనా?" అని ఒక్కమాట అడిగి పంపండి.