మా ఎయిర్ రైఫిళ్ల సంగతి: క్రీడా ప్రాధికార సంస్థలకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థల అధిపతులకు,



ఈ ఉత్తరం తుపాకుల గురించి. కంగారు పడాల్సిందేమీ లేదు, ఇవి లైసెన్సు అక్కర్లేని తుపాకులే. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం 20 జౌళ్లు మించని 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అడగరు. ఒలింపిక్స్‌లో పది మీటర్ల పోటీకి వాడే రైఫిల్ శక్తి అందులో సగం కూడా ఉండదు. జిల్లాల్లో హైస్కూలు పాత ఎన్‌సీసీ గదిలోనో, ఎవరో దయతలచి ఇచ్చిన రేకుల షెడ్డులోనో నాలుగు లేన్లు కట్టుకుని పిల్లలు సాధన చేసేది వీటితోనే. నేను వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అలాంటి ఒక షెడ్డులోనే నా సాయంత్రాలు గడుస్తాయి. పిల్లలకు నేర్పడం సగం పనైతే, తుపాకులు విప్పి బిగించడం మిగతా సగం.

షెడ్డుకు వచ్చే తల్లిదండ్రులు ఎప్పుడో ఒకప్పుడు నన్ను పక్కకు పిలిచి ఒకటే అడుగుతారు: "సార్, ఉన్నదాన్నే బాగు చేయించమంటారా, అప్పో సప్పో చేసి మంచిది కొనమంటారా?" చూడ్డానికి అది వాళ్లింటి లెక్కలా ఉంటుంది. కానీ దానికి సరైన జవాబు దొరకాల్సింది మీ దగ్గర. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

ముందు తేడా ఎంతో చెప్పాలి. స్ప్రింగుతో పనిచేసే దేశీయ రైఫిల్ పదిహేను వేల లోపు దొరుకుతుంది. సిలిండర్‌లో నింపిన గాలితో పేలే జర్మన్ మ్యాచ్ రైఫిల్ కొత్తది కొనాలంటే రెండు లక్షలు దాటుతుంది, కొన్ని రకాలు ఇంకా పైకి పోతాయి. ఈ రెంటి మధ్య ఉన్న అగాధంలోకే ఏటా ఎంతోమంది పిల్లలు జారిపోతున్నారు. ఆటో నడిపే నాన్న, టైలరింగ్ చేసే అమ్మ ఆ అగాధాన్ని ఒక్క గెంతులో దాటలేరు కాబట్టి కొంచెం కొంచెంగా పూడుద్దామని చూస్తారు. ఈ నెల పీప్ సైట్, వచ్చే నెల కొత్త స్టాక్, దసరాకి ఇంకో స్ప్రింగు. లెక్క వేసుకునేసరికి అసలు కంటే కొసరు ఎక్కువై కూర్చుంటుంది, స్కోరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఎందుకు ఉంటుందో తెలియాలంటే ఒకసారి టార్గెట్ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. పది మీటర్ల దూరాన ఉండే ఆ కాగితంలో పది మార్కుల గుర్తు అర మిల్లీమీటరు చుక్క. ఇప్పుడు దశాంశాల్లో లెక్కిస్తున్నారు, గరిష్ఠం 10.9. పావు మిల్లీమీటరు పక్కకు పోయిన ప్రతిసారీ 0.1 తగ్గుతుంది. జాతీయ జట్టు తలుపు తట్టాలంటే 60 గుళ్లకు 630 దరిదాపుల్లో రావాలి. అంటే గంటా పదిహేను నిమిషాల్లో కాల్చే 60 గుళ్లూ సగటున కేంద్రానికి ఒకటిన్నర మిల్లీమీటరు లోపే పడాలి. పిల్ల గుండె కొట్టుకోవడమే ఆ కాస్త తేడా తేవడానికి చాలు. దాని మీద తుపాకి కూడా తన వంతుగా మరో రెండు మూడు మిల్లీమీటర్లు చెదరగొడితే ఆ పిల్ల ఎవరితో పోటీ పడుతున్నట్టు?

స్ప్రింగు రైఫిల్ చెదరగొట్టేది నాసిరకం కాబట్టి కాదు, దాని నిర్మాణమే అంత. ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్‌ను స్ప్రింగు ముందుకు తోస్తుంది. పిస్టన్ గాలిని అదిమి, చివర్లో ఆ గాలికే తగిలి గుద్దుకుని ఆగుతుంది. పెల్లెట్ గొట్టం దాటి బయటపడేలోపే తుపాకి ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి ఊగుతుంది. పైన ఎంత ఖరీదైన సైట్ పెట్టినా, ఆ ఊగేదాని మీదే కదా పెట్టింది! ఫైన్‌వర్క్‌బావ్ అనే జర్మన్ కంపెనీ 1960లలో దీనికి ఒక విరుగుడు కనిపెట్టింది. పేలేటప్పుడు లోపలి యంత్రమంతా పట్టాల మీద జారేట్టు చేసి, ఆ కుదుపు షూటర్ భుజానికి అందకుండా చూసింది. గమనించండి, ఆ మార్పు జరిగింది కడుపులో, బయట తగిలించే హంగుల్లో కాదు. ఆ తర్వాత మ్యాచ్ షూటింగ్ మొత్తం స్ప్రింగుని వదిలేసి ముందే నొక్కిపెట్టిన గాలికి మారిపోయింది.

కాబట్టి తల్లిదండ్రులకు నేను చెప్పే మాట ఇది. తుపాకి పుట్టుకలోనే ఉన్న లోపం మీద రూపాయి కూడా పెట్టొద్దు. వాడకంలో వచ్చిన లోపమైతే ఆఖరి రూపాయి వరకూ బాగుచేయించండి. ఏది ఏదో తేల్చేవాడు లేకపోవడమే మా జిల్లాల్లో అసలు జబ్బు.

వాడకంలో వచ్చే లోపాలు చూస్తే మీకు నవ్వొస్తుంది. స్టాక్‌ని యంత్రానికి పట్టి ఉంచే మరలు వదులైపోవడం మొదటిది. ఓ అబ్బాయి గ్రూప్ (గుళ్లన్నీ కాగితం మీద దగ్గర దగ్గరగా పడటం) ఉన్నట్టుండి పాడైతే వాళ్ల నాన్న బ్యారెల్ అరిగిందని తేల్చి కొత్త తుపాకికి డబ్బు సిద్ధం చేసుకుని వచ్చాడు. స్క్రూడ్రైవర్‌తో రెండు చుట్లు తిప్పి పంపించాను. రెండోది నూనె. కుట్టుమిషన్‌కి వేసే నూనె స్ప్రింగు రైఫిల్ గొట్టంలో పోస్తే పిస్టన్ అదిమిన గాలి వేడికి ఆ నూనె భగ్గుమంటుంది. ఢమ్మని చప్పుడొచ్చి మూతి నుంచి పొగ వస్తుంది. పిల్లలు "సార్, పవర్ పెరిగింది!" అని సంబరపడతారు. లోపల సీలు మాడిపోతుంటుంది, పెల్లెట్ ఏ వేగంతో పోతుందో ఎవరికీ తెలియదు. అదే నూనె అధిక పీడనం ఉన్న సిలిండర్ దగ్గరికి చేరితే నవ్వే విషయం కాదు, ప్రమాదం.

సిలిండర్ రైఫిళ్ల కథ వేరు. ఓ క్లబ్బులో దాతలిచ్చిన పాత జర్మన్ రైఫిల్ వాల్తర్ ఒకటి "పనికిరాదు" అని చీటీ కట్టి బీరువాలో పెట్టారు. రాత్రి గాలి నింపితే తెల్లారేసరికి గేజి ముల్లు కిందికి దిగిపోతోందని ఫిర్యాదు. అతుకుల దగ్గర సబ్బు నీళ్లు రాసి చూస్తే ఒక్కచోట మాత్రమే, గుండుసూది తలంత బుడగ తాపీగా లేస్తోంది. గాలంతా వదిలేశాక విప్పితే లోపల రబ్బరు రింగు, ఉంగరం కంటే చిన్నది, మా రేకుల షెడ్డుల ఎండకు గట్టిపడి ఒకచోట సన్నగా పగిలి ఉంది. రింగు మార్చాక వారం రోజులైనా ముల్లు కదల్లేదు. రెండు లక్షల తుపాకిని బీరువాలో పడుకోబెట్టింది ఆ రింగు. అలాంటివి రెండు రాష్ట్రాల్లోని బీరువాల్లో ఎన్ని పడుకున్నాయో ఒకసారి మీరే లెక్క తీయించండి.

సిలిండర్‌కి ఒక ఆయుష్షు ఉంటుందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. సిలిండర్ మీద తయారీ తేదీ కొట్టి ఉంటుంది. కంపెనీలు సాధారణంగా పదేళ్లు గడువు ఇస్తాయి. గడువు దాటిన సిలిండర్ పోటీకి చెల్లదు, చూసుకోవాల్సిన బాధ్యత షూటర్‌దే అంటారు. రాష్ట్ర పోటీల్లో పరికరాల తనిఖీ బల్ల దగ్గర వెనుదిరిగి ఏడ్చిన పిల్లను చూశాను. తుపాకి ఆ పిల్లది కాదు, క్లబ్బుది. సిలిండర్ కొన్న మనిషికి తేదీ గుర్తులేదు, వాడే పిల్లకు ఎవరూ చెప్పలేదు.

ఇక పెల్లెట్లు. కనీకనిపించని ఈ సీసపు గుళ్లు స్కోరుని తారుమారు చేస్తాయి. తల వ్యాసం 4.49, 4.50, 4.51 అని డబ్బాల మీద వేస్తారు. ఒకే కంపెనీ, ఒకే అంకె అయినా ఒక లాటు ఒక గొట్టానికి నచ్చుతుంది, ఇంకో లాటు నచ్చదు. పెద్ద పెద్ద షూటర్లు తమ రైఫిల్‌ని వైస్‌లో బిగించి, లాటు తర్వాత లాటు కాల్చి, నచ్చిన లాటు డబ్బాలు మొత్తంగా కొనుక్కుంటారు. మా దగ్గరేమో పెల్లెట్లు ఎప్పుడొస్తే అప్పుడు, ఏవొస్తే అవి. నన్నడిగితే కొత్త రైఫిల్ కొనేముందు చేయాల్సిన మొదటి ఖర్చు ఇదే, అన్నిట్లోకీ చవకైనదీ ఇదే.

"అయితే మంచి తుపాకులు కొంటే చాలు కదా?" అని మీరనొచ్చు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో షూటర్ మను భాకర్ చేతిలో ఉన్నది ప్రపంచంలోనే మేలురకం పిస్టల్. క్వాలిఫికేషన్ మధ్యలో అది మొరాయించింది. బాగుచేసుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575 స్కోరుతో రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ చేజారింది. అదే మను 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది, అది వేరే సంగతి. ఖరీదైన ఆయుధమూ పాడవుతుంది. మంచిది కొంటే రిపేరు అవసరం తీరదు, పైగా రిపేరు తెలిసిన మనిషి లేకపోతే జరిగే నష్టం పెరుగుతుంది. పదిహేను వేల రైఫిల్ మూలపడితే ఒక బాధ, రెండు లక్షలది మూలపడితే ఆ బాధ పదిరెట్లు.

అయినా సరే, ఒక స్థాయి దాటాక మంచిదే కొనాలి, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. ఓపెన్ సైట్‌తో మొదలుపెట్టే ఆరో తరగతి పిల్లవాడికి స్ప్రింగు రైఫిల్ చాలు, దానితో నిలబడటం, ఊపిరి పట్టడం, ట్రిగ్గర్ మెల్లగా లాగడం నేర్చుకుంటాడు. ఆ పిల్లవాడి చేయి తుపాకి కంటే నిలకడగా మారిన రోజున ఇక ఆ తుపాకి వాడికి సంకెల. అది ఎప్పుడో కోచ్‌కి తెలుస్తుంది: అదే పిల్లవాడికి ఒక గంట మ్యాచ్ రైఫిల్ అరువిచ్చి కాగితం చూస్తే చాలు. గ్రూప్ సగానికి సగం దగ్గరపడితే అప్పటిదాకా కాగితం మీద కనబడ్డది తుపాకి తప్పు. ఎప్పటిలాగే ఉంటే పిల్లవాడికి ఇంకా సాధన కావాలి, వాళ్ల నాన్న అప్పు చేయక్కర్లేదు. ఈ చిన్న పరీక్షకు ప్రతి జిల్లాలోనూ ఒకటో రెండో మంచి రైఫిళ్లు అందుబాటులో ఉండాలి. మీరు కొనాల్సింది అవి.

ఇక్కడే మీ కొనుగోళ్ల పద్ధతి మీద ఒక మాట. టెండరులో ఎల్‌1 అని ఒకటుంది, అందరికంటే తక్కువ ధర చెప్పినవాడికే ఆర్డరు. బల్లలకీ కుర్చీలకీ అది సరిపోవచ్చు. రైఫిళ్ల విషయంలో అలా చేస్తే చవకవి ఎన్నో వస్తాయి, వాటికి సీళ్లు, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో ఎవరూ అడగరు. అందుకే ఆ డబ్బుతో ఒకటో రెండో మ్యాచ్ రైఫిళ్లు కొని వంతుల వారీగా పంచమంటున్నాను. ఒక్క తుపాకితో పదిమంది ఎలా నేర్చుకుంటారని అడగొచ్చు. పిల్లలు ఒకే సమయంలో రారు. భుజం కొలతకు బట్‌ప్లేట్, చెంప ఎత్తుకు చీక్‌పీస్ మార్చుకునే వీలు మ్యాచ్ రైఫిల్‌లో ఉంటుంది. ఎవరి కొలతలు వాళ్లు నోటుబుక్‌లో రాసిపెట్టుకుంటే చాలు.

మంచిదంటే కొత్తదే కానక్కర్లేదు: ఒక్కసారి లివర్ లాగి గాలి నింపుకునే పాత రకం మ్యాచ్ రైఫిళ్లు ఉన్నాయి. 1980లలో వచ్చిన ఫైన్‌వర్క్‌బావ్ 600 శ్రేణి లాంటివి. వాటికి సిలిండర్ లేదు, గడువు లేదు, గాలి నింపే పంపు అక్కర్లేదు. పది మీటర్లలో ఈనాటికీ సూదిమొనలా కొడతాయి. పైస్థాయికి వెళ్లిన షూటర్ల ఇళ్లలో ఇలాంటివి ఎన్నో ఖాళీగా ఉన్నాయి. వాళ్లు ఇవ్వడానికి సిద్ధమే, తీసుకుని రసీదు ఇచ్చే అధికారి లేడు.

రిపేరు తెలిసిన మనుషుల కొరత మాత్రం మీరు ఊహించినంత లేదు. ప్రతి జిల్లా కేంద్రంలో పోలీసుల ఆర్మ్‌డ్ రిజర్వులో ఆర్మరర్ ఉంటాడు, తుపాకి విప్పి బిగించడమే అతని ఉద్యోగం. రిటైరైన ఆర్మరర్లు ఊళ్లలోనే ఉన్నారు. ఎయిర్ రైఫిల్ లోపలి సంగతులు వాళ్లకు కొన్నాళ్ల శిక్షణతో వచ్చేస్తాయి. జిల్లాకు ఒకరిని గౌరవ వేతనం మీద పెట్టి, ఒక బెంచీ, ఒక వైస్, సీళ్ల డబ్బా, రకరకాల లాట్ల పెల్లెట్లు కొన్ని ఇస్తే ఏడాదికయ్యే ఖర్చు ఒక జర్మన్ రైఫిల్ ధరలో ఎంతో మీరే లెక్క కట్టించండి. గచ్చిబౌలిలో రేంజి ఉంది, అక్కడ నెలకోసారి ఈ శిక్షణ పెట్టవచ్చు. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చే మనిషికి ప్రయాణ ఖర్చులు మాత్రం మర్చిపోకండి.

గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచింది ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో ఇదే పోటీలో స్వర్ణం తెచ్చాడు. ఇద్దరూ పెరిగింది మహానగరంలో. పలాసలోనో భైంసాలోనో అంత నిలకడ ఉన్న చేయి లేదని నేననుకోను.

వచ్చే కొనుగోలు టెండరు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు రెండు షరతులు చేర్చండి. సరఫరాదారు అయిదేళ్ల సీళ్లు, విడిభాగాలు ముందే ఇవ్వాలి. తుపాకి తీసుకునేముందు వైస్‌లో బిగించి కాల్చిన గ్రూప్ కాగితాన్ని దానితో పాటు జిల్లాకు పంపాలి. ఆర్మరర్ల విషయం కోసం పోలీసు శాఖకు ఒక ఉత్తరం రాస్తే సరిపోతుంది. మా షెడ్డులో పనిచేయని రైఫిళ్ల జాబితా, ఏది రింగుతో బాగవుతుందో ఏది కాదో రాసి, జిల్లా క్రీడాధికారి ద్వారా మీకు పంపుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు