చెరువు గట్టు మీద తీరిక ఎవరిది?

హైదరాబాదు చెరువుల గురించి మనకు వినబడే మాటలు రెండే. ఒకటి కబ్జా, రెండోది సుందరీకరణ. కబ్జాదారులు చెరువును పూడ్చేస్తారు. సుందరీకరించేవాళ్లు కంచె వేసి, నడకదారి పరిచి, రంగు దీపాలు పెడతారు. రెండోది మొదటిదానికంటే మేలే, కాదనను. అయితే ఆ నీటి ఒడ్డున ఆడవాళ్లు ఏ పనీ లేకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా కూర్చోగలరా అన్న ప్రశ్న ఈ రెండు కథల్లోనూ లేదు.

ఉస్మానియా ప్రాంగణానికి దక్షిణాన, బాగ్ అంబర్‌పేటలో ఉన్న బతుకమ్మ కుంట సంగతి తార్నాక వాళ్లకు తెలిసిందే. రికార్డుల్లో 14 ఎకరాలకు పైగా ఉన్న కుంట చెత్తా మట్టీ పోసి పోసి ముళ్లపొదల నేల అయిపోయింది. 2025 ఫిబ్రవరిలో హైడ్రా తవ్వితే నీరు ఉబికి వచ్చింది. మిగిలిన 5 ఎకరాల పైచిలుకులో కుంటను బాగుచేసి, అదే ఏడాది సెప్టెంబరు 28న, సరిగ్గా బతుకమ్మ రోజుల్లో ప్రారంభించారు. అందరం సంతోషించాం. కానీ ఆ పేరు ఏం చెబుతోంది? చెరువుకు ఆడవాళ్ల ఆటపాటల వాడకం ఒకటి ఉందని చెబుతోంది. ఏ మాస్టర్‌ ప్లానులోనూ 'వినోదం' అన్న పద్దు కింద ఆ వాడకాన్ని రాయరు. అక్కడ రాసేది బోటింగు, ఫుడ్‌కోర్టు, వాకింగ్ ట్రాక్.

తంగేడు, గునుగు, బంతి పేర్చి, గౌరమ్మను పెట్టుకుని, నీళ్లదాకా నడిచి, ఆడి పాడి, సద్దులు పంచుకుని చీకటి పడ్డాక ఇంటికి రావడం ఆడవాళ్లు సంపాదించుకున్న విహారం. దాన్ని మనం పండగ అనే అంటాం, విహారం అనం. అమ్మవారి పేరు చెప్పుకుంటే తప్ప ఆ తీరిక దొరకదు కాబట్టి. అదీ తొమ్మిది రోజులే. మిగతా 356 రోజులూ ఆడవాళ్లు చెరువు దగ్గరికి వచ్చింది బట్టలుతకడానికి, నీళ్లు మోయడానికి, చేపల తట్ట ఎత్తుకోవడానికి. ఆ తొమ్మిది రోజులూ అందరివీ కావు. చాలా ఊళ్లలో దళిత స్త్రీలు వేరుగానే ఆడుకోవలసి వచ్చింది. బతుకమ్మను పొగిడేటప్పుడు ఈ మాట మింగేయకూడదు.

తెలంగాణ ఉద్యమకాలంలో ఆర్ట్స్ కాలేజీ ముందు విద్యార్థినులు ఆడిన బతుకమ్మ రాజకీయ ప్రకటన. 2014లో అది రాష్ట్ర పండగ అయింది. 2025లో సరూర్‌నగర్ స్టేడియంలో 60 అడుగులు దాటిన బతుకమ్మతో గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. సరూర్‌నగర్ చెరువు ఉన్న చోటే, ఆట మాత్రం స్టేడియంలో! ఎత్తు కొలిచారు, ఆడవాళ్లను లెక్కపెట్టారు. నీళ్లకూ వాళ్లకూ ఉన్న సంబంధాన్ని ఎవరు కొలిచారు?

అభివృద్ధి చేసిన చెరువు కొత్తగా ఇంకొందరిని బయటికి నెడుతుంది. రేవుబండ ఉన్నచోట టైల్స్ పడితే చాకలి స్త్రీ ఎక్కడికి పోవాలి? ఉదయం ఆ ట్రాక్ మీద నడిచే ఉద్యోగస్తురాళ్లం, అధ్యాపకురాళ్లం ఈ ప్రశ్నను మనవైపు కూడా తిప్పుకోవాలి. ఆమె పనిని తరిమేసి మన తీరికను కట్టుకుంటే అది స్త్రీల విజయం కాదు.

ఇంకో వాదన భద్రత. 2021 నుంచి ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపినప్పుడు కుటుంబాలు తరలివచ్చాయి. కుటుంబంతో వచ్చిన స్త్రీని ఎవరూ ఏమీ అడగరు. ఒంటరిగా గట్టు మీద కూర్చున్న స్త్రీని మాత్రం ఎవరికోసం ఎదురుచూస్తున్నావని అందరి చూపులూ అడుగుతాయి. 2014లో షీ టీమ్స్ వచ్చాయి, మంచిదే. కానీ కాపలా వేరు, హక్కు వేరు. మగపిల్లలు ఏ కుంటలోనైనా దూకి ఈత నేర్చుకుంటారు. ఆడపిల్లకు హాస్టలు గేటు మూసే వేళ ముందుగా గుర్తొస్తుంది.

మనం అడగవలసినవి పెద్ద కోరికలేం కావు. కంచె బదులు నీళ్లదాకా దిగే మెట్లు. శుభ్రమైన, తాళం వేయని మరుగుదొడ్డి. గట్టు నుంచి బస్టాపు దాకా వెలుతురు. టిక్కెట్టు లేని ప్రవేశం. రేవుకూ చేపల అమ్మకానికీ చోటు. చెరువు కమిటీల్లో ఆ బస్తీ స్త్రీలు.

బతుకమ్మ పేరుతో కుంట తిరిగి వచ్చింది. పండగ వెళ్లిన మర్నాడు కూడా అక్కడ మనకు చోటుంటేనే ఆ పేరు నిజం.