బాలల పుస్తకములలో విద్యుత్తు

విద్యుత్తును గూర్చి బాలలకు చెప్పు పుస్తకములు పెక్కు నిర్వచనముతో ఆరంభమగుచున్నవి. ప్రశ్న పుట్టకమునుపే సమాధానమును కంఠస్థము చేయించు పద్ధతి యిది.

మైకేల్ ఫారడేకు బడిచదువు స్వల్పము. లండనులో పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనుచుండగా, 1806లో వెలువడిన జేన్ మార్సెట్ రసాయనశాస్త్ర సంభాషణలు అతని చేతబడినవి. అందు ఒక ఉపాధ్యాయిని, ఇద్దరు బాలికలు. వారు ప్రశ్నింతురు, సందేహింతురు. ఆమె ప్రయోగము చేసి చూపును. చదివినదానిని ఫారడే చిన్న చిన్న ప్రయోగములతో సరిచూచుకొనెను. 1831లో అయస్కాంతమును కదల్చి తీగలో విద్యుత్తును పుట్టించినవాడు అతడే. నేడు శ్రీశైలమున జనరేటర్లు తిరుగుటయు ఆ సూత్రముమీదనే.

మరియొక లోపము కలదు. దీపము కరెంటును తినివేయునను భావము కొన్ని పుస్తకములలో కనబడును. అట్లైన రెండవ తీగ యెందులకు? దీపములోనికి ఎంత ప్రవాహము పోవునో అంతయు వెలుపలికి వచ్చును. దీపము గ్రహించునది శక్తిని మాత్రమే. ఈ భేదము తెలిసిన పిల్లవానికి బిల్లులోని యూనిట్ కూడ బోధపడును: 10 వాట్ల దీపము 100 గంటలు వెలిగినచో ఒక యూనిట్. ప్రవాహమును గొట్టములోని నీటితో పోల్చుట మంచిదే. కాని గొట్టము తెగిన నీరు కారును, తీగ తెగిన ప్రవాహము నిలుచును! ఉపమానము ఎచ్చట పొసగదో చెప్పని రచయిత సగము పనియే చేసినవాడు.

1.5 వోల్టుల టార్చి సెల్లు, దానికి తగిన చిన్న బల్బు, జానెడు తీగ ఒక్కటి పిల్లవానికిచ్చి, గోడ ప్లగ్గు జోలికి పోరాదని గట్టిగా చెప్పి, వెలిగించుమనవలెను. నిర్వచనము మూడవ పుటలో వచ్చినను నష్టము లేదు.