గుండెలో ఇనుము: ఎమ్మారై సంఖ్యను ఎంతవరకు నమ్మాలి?

తలసీమియా ఉన్న బిడ్డకు రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలని చాలామందికి తెలుసు. ఆ రక్తంతోపాటు ఇనుము కూడా లోపలికి వెళుతుందన్న సంగతి అంతగా తెలియదు. ఒక్కొక్క ప్యాకెట్టులో సుమారు 200 నుండి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అంత ఇనుమును బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది కాలేయంలోను, గుండెలోను పేరుకుంటుంది. అందుకే డెఫరాసిరాక్స్ వంటి మందులు రోజూ వాడమంటారు.

గుండెలో ఎంత చేరిందో రక్తపరీక్షతో సరిగా తెలియదు. జ్వరం వచ్చినా ఫెరిటిన్ పెరుగుతుంది. ఫెరిటిన్ తక్కువగా ఉన్నవారి గుండెలోనూ ఇనుము ఉండవచ్చు. దీనిని ఎమ్మారైతో కొలిచే పద్ధతిని లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రి వైద్యులు 2001లో ప్రచురించారు. దాని పేరు టీ2 స్టార్. మామూలు ఎమ్మారై బొమ్మలో నలుపు తెలుపులే గాని లెక్క ఉండదు. ఈ పద్ధతిలో యంత్రం ఒకే చోటును కొద్ది మిల్లీసెకన్ల తేడాతో పలుమార్లు చిత్రించి, సంకేతం ఎంత త్వరగా ఆరిపోతుందో లెక్కగడుతుంది. ఇనుము ఎక్కువగా ఉంటే త్వరగా ఆరిపోతుంది. 20 మిల్లీసెకన్లకు పైన ఉంటే గుండెలో చెప్పుకోదగినంత ఇనుము లేనట్టు, 10 కంటే దిగితే ప్రమాదం. అంటే సంఖ్య తగ్గితే ఇనుము పెరిగినట్టు! షుగరు, బీపీ లెక్కలకు అలవాటుపడిన మనం ఇక్కడ సులువుగా పొరబడతాం.

అయితే ఈ 20, 10 అన్న హద్దులు 1.5 టెస్లా యంత్రానికి చెందినవి. టెస్లా అంటే అయస్కాంతం బలానికి కొలత. 3 టెస్లా యంత్రం మీద అదే గుండెకు తక్కువ సంఖ్య వస్తుంది. యంత్రం కొత్తదీ పెద్దదీ అయినంత మాత్రాన పాత హద్దులు దానికి సరిపోవు. బిడ్డ ఊపిరి బిగపట్టలేకపోయినా, గుండెలో కొలిచిన చోటు మారినా, లెక్కగట్టే విధానం మారినా తేడా వస్తుంది. కాలేయంలో ఇనుము మరీ ఎక్కువైతే మొదటి బొమ్మ తీసేలోపే సంకేతం ఆరిపోతుంది, కొలవడానికి ఏమీ మిగలదు.

ఆత్మకూరు నుండి హైదరాబాదు దాకా పోయి, అప్పు చేసి తీయించుకున్న స్కానింగుకు ఒట్టి సంఖ్య ఒక్కటి రాసి ఇవ్వడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఎన్ని టెస్లాల యంత్రం, గుండెలో ఏ భాగం, ఆ యంత్రం మీద ఆరోగ్యవంతులకు ఎంత వస్తుంది అన్నవి పక్కనే అచ్చువేయాలి. రెండు వరుసల పని!

తల్లిదండ్రులు వీలైనంతవరకు ప్రతిసారీ ఒకే సెంటరుకు వెళ్ళండి. పాత రిపోర్టు, సీడీ పారవేయకండి. నిరుడు 14 వచ్చినది ఈ యేడు 15 అయితే అది కొలతలోని తేడా కావచ్చు. 8 నుండి 16కు పెరిగితే ఆ సంగతి వేరు. ఏదైనా సరే, మందు తగ్గించేది డాక్టరుగారే. సెంటరు మార్చక తప్పకపోతే పాత రిపోర్టు వారి చేతిలో పెట్టి, రెండూ ఒకే బలం ఉన్న యంత్రాలేనా అని అడగండి.