దాణా చల్లితే సరా, అరగొద్దా?

‘కప్పల ఫారం పెట్టండి, లక్షలు సంపాదించండి’ అనే రీల్స్ మీ ఫోన్‌లోనూ తగిలే ఉంటాయి. తొట్టెలోకి గుప్పెడు దాణా విసురుతారు, కప్పలు ఎగబడతాయి, వెనక మాస్ బీట్. మా టీమ్‌లో ఒకతను వాళ్ల నాన్న రిటైర్‌మెంట్ డబ్బులు ఇందులో పెడదామా అని సీరియస్‌గానే అడిగాడు.

ముందు చట్టం సంగతి. మన బోదురుకప్పకు 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. ఒకప్పుడు పొలాల్లో పట్టి, కాళ్లు కోసి విదేశాలకు పంపేవాళ్లు. 1987లో కేంద్రం ఆ ఎగుమతి ఆపేసింది. రీల్స్‌లో కనిపించేది చాలాసార్లు అమెరికన్ బుల్‌ఫ్రాగ్. అది తప్పించుకుందంటే ఇక్కడి కప్పల్నే మింగేస్తుంది.

చట్టం పక్కన పెట్టినా, అసలు చిక్కు కప్ప కడుపులో ఉంది.

తోకకప్పను దగ్గరగా చూడండి. పొట్ట చర్మంలోంచి జిలేబీలా చుట్టుకున్న పొడవాటి పేగు కనిపిస్తుంది. నాచు గీక్కుని తినే బతుకు కదా, పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ దానికి బాగా కావాలి. మాంసం సంగతి చూసే పెప్సిన్ అప్పటికింకా రాదు. కాళ్లొచ్చే దశలో థైరాయిడ్ హార్మోన్ పెరిగి లోపల కూల్చివేత మొదలవుతుంది. ఆఫ్రికాకు చెందిన జెనోపస్ కప్పలో పేగు దాదాపు ముప్పావు వంతు కుంచించుకుపోతుంది. ఆ రోజుల్లో అది ఇంచుమించు పస్తే. తర్వాతే అసలైన కడుపు, యాసిడ్, పెప్సిన్. బుల్‌ఫ్రాగ్‌లో అయితే పెప్సిన్ ముడిసరుకు ఎక్కువగా అన్నవాహికలోనే తయారై, కడుపులో యాసిడ్ తగిలాక పని మొదలుపెడుతుంది. (తినకూడనిది తింటే కొన్ని కప్పలు కడుపునే బయటికి తిరగేసి, చేత్తో తుడిచేసుకుంటాయి. ఉప్పల్ రింగ్ రోడ్డులో బజ్జీలు తిన్న రాత్రి నాకు కాస్త అసూయే.)

అంటే ఒకే జీవికి రెండు వంటిళ్లు. పిల్లకు పడ్డ దాణా పెద్దదానికి పడదు. అందుకే ఎంజైమ్‌ల చురుకు కొలుస్తారు. ఇంటర్‌లో లాలాజలం, గంజి, అయోడిన్ ప్రయోగం గుర్తుందా? ఇదీ అలాంటిదే. పేగు రసంలో గంజి కలిపి అయోడిన్ వేస్తే, నీలం ఎంత త్వరగా పోతే అమైలేజ్ అంత చురుకు. ప్రొటీన్‌కు ట్రిప్సిన్, కొవ్వుకు లైపేజ్ చూస్తారు. చవగ్గా వస్తుందని పెద్ద కప్పలకు తవుడు, మొక్కజొన్న దట్టిస్తే అరగనిదంతా నీళ్లలోకే. నీళ్లు పాడైతే రోగాలు. పైగా చల్లని రక్తం, చలి పెరిగితే అరుగుదల మందగిస్తుంది. కదలని దాణాను తినడం కూడా వాటికి అలవాటు చేయాల్సిందే. ఇవేవీ ముప్పై సెకన్లలో పట్టవు మరి.

ఆ డబ్బులు బ్యాంకులోనే ఉంచమన్నాను. అలిగాడు.

నాచారంలో మా పక్క ఖాళీ ప్లాటులో వాననీళ్లు నిలిచి గుంటయింది. అందులో ఎవరూ దాణా వేయని ఫారం ఒకటి నడుస్తోంది. గుంట ఎండేలోపే పేగు మారాలి. నీళ్లు తగ్గేకొద్దీ కొన్ని జాతులు ఆ మార్పును తొందరపెట్టుకుంటాయి కూడా. దోమలొస్తున్నాయని ఓనర్ అంకుల్ మట్టి కొట్టిస్తానంటున్నారు. తోకకప్పలకు వెనక కాళ్లొచ్చాయి, ముందువి ఇంకా రాలేదు. రెండు వారాలు ఆగమని అడిగాను. ఆదివారం చెప్తానన్నారు.